ఐదో ఏటి ఒడిబియ్యం

మా చెల్లెలు ఎక్కడ కూర్చున్నా గోడ తన ఎడమవైపు ఉండేలా చూసుకుంటుంది. పెళ్లి పందిరైనా, మెట్రో రైలైనా అంతే. కొత్తవాళ్లు అదేదో చాదస్తం అనుకుంటారు. దానికి ఎడమ చెవి వినబడదు. మాట్లాడేవాళ్లంతా కుడివైపే ఉండాలని దాని ఏర్పాటు. ఆ చెవి పుట్టుకతో పోయింది కాదు. కృష్ణానగర్‌లో కాపురం ఉన్నప్పుడు మా మరిది కొట్టిన దెబ్బకు పోయింది.

మరిది చనిపోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద చాడీలు చెప్పకూడదంటారు. నేను చెప్పేది చాడీ కాదు, చెవి సంగతి. అది చెప్పకపోతే దాని బిడ్డ కోర్టుకు ఎందుకు పోయిందో, ఆ కోర్టు వరండాలో మేమిద్దరం ఎందుకు అంత భయపడ్డామో మీకు తెలియదు.

మాది మగ్గాల ఊరు. మగ్గాలు ఆగిపోయాక మా అత్తామామలు పట్నం వచ్చి అమీర్‌పేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులతో ఆకాశం కనబడని సందు అది. ముందు గదిలో కూర్చుని నేను చీరలకు ఫాల్స్ కుడతాను, అంచులకు పికో కొడతాను. చెల్లెలిని కృష్ణానగర్‌లో ఇచ్చాం. మరిది షూటింగులకు జనాన్ని తీసుకుపోయే వ్యాను నడిపేవాడు. షూటింగు ఉన్న రోజు జిలేబీ పొట్లంతో వచ్చేవాడు. లేని రోజు ఎవరో ఒకరి మీద కోపం మోసుకొచ్చేవాడు. దించుకోవడానికి ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే.

ఆ రోజు ఎందుకు కొట్టాడని ఇప్పుడు అడిగినా చెల్లెలికి గుర్తు లేదు. తను పక్కకు తిరగడంతో చెంప మీద పడాల్సిన చెయ్యి చెవి మీద పడిందని మాత్రం చెబుతుంది, తప్పంతా తను తిరగడంలోనే ఉన్నట్టు. బిడ్డను చంకన వేసుకుని యూసుఫ్‌గూడ మీదుగా నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. చెవిలోంచి ఏదో కారుతోంది. నేను దూది పెట్టాను. మా ఆయన కోపంతో ఊగిపోతూ స్టేషనుకు పదమన్నాడు. పోయాం. మరిదిని కూడా పిలిపించారు.

అక్కడి పెద్దసారు మరిదిని కుర్చీలో కూర్చోమన్నాడు. చెల్లెలు నిలబడే ఉంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. మాకు చాయ్ తెప్పించాడు, చంకలో పిల్లకు బిస్కెట్ ఇచ్చాడు. ఆ తరువాత చెల్లెలి వైపు తిరిగి అన్నాడు.

"ఊకెనే ఎవడూ కొట్టడమ్మా. నువ్వేమన్నవో చెప్పు ముందుగాల."

చెల్లెలికి ఆ మాట సరిగా వినబడలేదు. నా మొహం చూసింది. నేను మళ్లీ చెప్పాల్సి వచ్చింది, నువ్వేమన్నావో అడుగుతున్నారని. అప్పుడది నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టింది, తను ఏమందా అని. ఆ ఆలోచించే మొహం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. దూది తడిసి రంగు మారుతోంది, అది మాత్రం జవాబు కోసం వెతుక్కుంటోంది.

మా ఆయన కేసు రాయమని గట్టిగానే అడిగాడు. పెద్దసారు పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు. కేసు రాస్తే ఇతను లోపలికి పోతాడు, లోపలికి పోయి వచ్చినవాడు నిన్ను ఏలుకుంటాడా, ఆడపిల్లను పెట్టుకుని ఎక్కడికి పోతావు అని నిదానంగా, కూతురికి చెప్పినట్టు చెప్పాడు. పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోమని పంపేశాడు. అప్పటికీ చట్టం లేక కాదు. ఉన్నదానికి రెండే దారులు. మొగుణ్ణి జైలుకు పంపడం, లేదంటే మొగుడి వెంట ఇంటికి పోవడం. ఈ రెండింటికీ మధ్యన నిలబడడానికి కాలు మోపేంత చోటు లేదు.

మా కులసంఘం పెద్దలు కూర్చున్నారు. మరిది ఇక కొట్టనని దేవుడి పటం మీద చెయ్యి పెట్టాడు. ఇక చెల్లెలిని శుభంగా పంపాలి కదా. మాలో రాజీ కుదిరిన ఆడపిల్లను ఉత్తచేతులతో పంపరు, ఒడిబియ్యం పోసి పంపుతారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకచెక్కలు, రవికె గుడ్డ, అన్నీ పుట్టింటివాళ్లు ఆడపిల్ల చీర కొంగులో పోస్తారు. ఆమె ఆ మూట నడుముకు కట్టుకుని అత్తగారింటికి పోయి, ఆ బియ్యం అక్కడే వండి నలుగురికీ పెట్టాలి. పెళ్లయిన ఐదో ఏట, తరువాత బేసి ఏళ్లలో ఎవరైనా చేసేదే, మంచి వేడుక. దాన్నే మావాళ్లు రాజీకి కూడా ముగింపుగా వాడుకున్నారు. మా అమ్మ బియ్యం పోస్తూ దాని ఎడమ చెవి దగ్గర వంగి దీవించింది. "ఏందమ్మా?" అంది చెల్లెలు. అమ్మ మళ్లీ చెప్పలేదు. ముహూర్తం దాటిపోతోందని అందరూ తొందరపెట్టారు.

ఆ తరువాత దాని కాపురం ఎలా సాగిందో చెప్పను. సాగింది, అంతే.

నడుమ ఏళ్లలో మా సందులో చాలా చూశాను. ఆడవాళ్లకు వేరే స్టేషన్ వచ్చిందన్నారు, అక్కడ మొగుడూ పెళ్లాలను కూర్చోబెట్టి మాట్లాడిస్తారన్నారు. కొంతకాలం కేసు పెడితే చాలు, ముసలి అత్తతో సహా అందరినీ బండి ఎక్కించేవాళ్లు. మా వెనకింటి ముసలమ్మను అలాగే తీసుకుపోయారు. పాపం, ఆమె కోడలిని ఒక్క మాట కూడా అనేది కాదు. అది చూసి సందులోని మగవాళ్లు ఇక నోళ్లు తెరిచారు, ఆడవాళ్ల రాజ్యం వచ్చిందని. తరువాత పై కోర్టు వద్దందట, ముందు నోటీసు ఇచ్చి పిలవమందట. ఇక అప్పటినుంచి నోటీసు అందుకున్నవాడు దాన్ని జేబులో పెట్టుకుని బజార్లో తిరిగేవాడు. చట్టం ఒకసారి అటు ఒరిగేది, ఒకసారి ఇటు. ఏ వైపు ఒరిగినా ఇంట్లో దెబ్బలు తినే మనిషి చోటు మాత్రం మారేది కాదు.

చెల్లెలి బిడ్డ, నా బిడ్డే అనుకోండి, మిషను ముందు నా ఒళ్లో కూర్చునే పెరిగింది. నేను ఫాల్స్ దగ్గరే ఆగిపోయాను. అది జాకెట్లు కుట్టడంలో చేయి తిరిగిన మనిషైంది. పంజాగుట్టలో పెద్ద రోడ్డు వెనక సందులో సంబంధం కుదిరింది. అల్లుడు ఏసీలు బాగుచేస్తాడు. ఇల్లు వాళ్ల అమ్మ పేరు మీద ఉంది. సందులోకి తలుపు ఉన్న ముందు గదిలో పిల్ల మిషను పెట్టుకుంది. ఎర్రమంజిల్ ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు, చుట్టుపక్కల ఆసుపత్రుల నర్సులు దాని దగ్గరే కుట్టించుకునేవాళ్లు. సాయంత్రం అయితే ఆ గది నిండా మాటలే. పిల్లకు ఆ గది అంటే ప్రాణం.

అల్లుడు మాటకారి. నన్ను పెద్దత్తమ్మా అని పిలిచేవాడు, వచ్చినప్పుడల్లా నా మిషనుకు నూనె వేసి పోయేవాడు. నేను మురిసిపోయేదాన్ని. మొదట పసిగట్టింది చెల్లెలే. ఒక ఎండాకాలం పిల్ల మా ఇంటికి వచ్చినప్పుడు మోచేయి దాటిన చేతుల జాకెట్టు వేసుకుంది. ఫ్యాషనే పెద్దమ్మా అంది. నేను నమ్మాను. చెల్లెలు లేచి దాని పక్కన కూర్చుని, జాకెట్టు చేతిని పైకి మడిచింది. పిల్ల ఆపలేదు. మోచేయి పైన వేళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి.

ఇక ఆ ఇంటికి పోవద్దు, ఇక్కడే ఉండమన్నాను. పిల్ల ఒప్పుకోలేదు.

"నేనెందుకు ఉండాలె పెద్దమ్మా ఈడ? కొట్టినోడు ఆడ ఉండుడు, దెబ్బలు తిన్నది మిషను విడిచిపెట్టి వచ్చుడా? ఆయన జైలుకు పోవాలని నాకు లేదు. కొట్టుడు ఆగాలె. నా మిషను అర్ర నాకుండాలె."

అలాంటి కోరిక కూడా కోరుకోవచ్చని మా ఇద్దరికీ తెలియదు. చెల్లెలు తన కుడి చెవి దాని వైపు తిప్పి, ఇంకోసారి చెప్పమంది.

పిల్ల ముందు స్టేషనుకే పోయింది. నేను వెంట పోయాను. అక్కడ బల్ల దగ్గరి మనిషి పిల్లను చూసి, ఏమైందమ్మా, నువ్వేమన్నావు అనే మొదలుపెట్టాడు. అన్నేళ్ల తరువాత అదే ప్రశ్న, మాట కూడా మారలేదు. ఇంతలో వెనక నుంచి ఒక ఆడకానిస్టేబుల్ వచ్చి పిల్లకు కుర్చీ జరిపి, ముందు డాక్టరు దగ్గరికి పోదామా అని అడిగింది. తరువాత, ఎక్కడ ఉండాలనుకుంటున్నావు అని అడిగింది. దెబ్బలు తిన్న మనిషిని ఎక్కడ ఉండాలని ఉందో అడగడం నేను అదే మొదటిసారి వినడం.

మొగుణ్ణి జైలుకు పంపకుండానే కొట్టడం ఆపించి, ఉన్న ఇంట్లోనే ఉంచే చట్టం ఒకటి ఇప్పుడు ఉందట, ఆమె చెప్పిన దారిలోనే పోయాం. ఇలాంటి కేసులు చూసే ఆఫీసరమ్మ ఒకామె ఉంటుంది. ఆమె పిల్లతో నెమ్మదిగా కూర్చుని అంతా రాసుకుని కోర్టుకు పంపింది. ఉచితంగా వాదించే వకీలమ్మను కూడా ఇచ్చారు, కోస్తా వైపు పిల్ల, మాట్లాడితే గలగల. అల్లుడికి కోర్టు నోటీసు అందింది. అందిన మరునాడు పిల్ల దారాల కోసం అమీర్‌పేట వచ్చి తిరిగి పోయేసరికి ముందు గదికి కొత్త తాళం వేలాడుతోంది. మిషను లోపల, కస్టమర్ల జాకెట్లు లోపల. అత్త కిటికీలోంచి ఇది నా ఇల్లు అని ఒక్క మాట అని కిటికీ మూసేసింది.

పిల్ల తన అమ్మ ఇంట్లో ఉండి కోర్టుకు తిరగడం మొదలైంది. కొట్టకూడదని, జోలికి పోకూడదని జడ్జమ్మ మొదట్లోనే ఆర్డరు ఇచ్చింది. గది సంగతి మాత్రం అవతలివాళ్ల జవాబు వచ్చాక చూస్తానంది. ఆ జవాబులో వాళ్లు ఏం రాశారంటే, ఆ ఇల్లు తల్లిది, ఆ పిల్ల ఆ ఇంటి మనిషిగా ఎన్నడూ ఉండలేదు, పుట్టింట్లోనే ఉంటూ పని కోసం వచ్చి పోయేది అని. వకీలమ్మ చదివి చెబుతుంటే చెల్లెలు కళ్లు తుడుచుకుంది. పిల్ల మాత్రం నవ్వింది. "పని కోసం వచ్చిపోయేదాన్నైతే జీతమన్న ఇయ్యాలె గదా" అంది.

వాయిదాల మీద వాయిదాలు. అమీర్‌పేటలో రైలెక్కి నాంపల్లిలో దిగేవాళ్లం. పంజాగుట్ట దాటుతుంటే పిల్ల లేచి అద్దం దగ్గర నిలబడేది. పైనుంచి దాని సందు కనబడదు, మధ్యలో పెద్ద బిల్డింగులు అడ్డం. అయినా చూసేది. లక్డీకాపూల్ వచ్చేదాకా అక్కడే నిలబడేది. దాని కస్టమర్లు ఒక్కొక్కరే వేరే చోట కుట్టించుకోవడం మొదలుపెట్టారు. పెళ్లిళ్ల రోజులు పోతే వాళ్లు మళ్లీ తిరిగి రారు, మా పని సంగతి మాకు తెలుసు. గది దక్కకపోతే పిల్ల చేతిలో విద్య ఉండి కూడా లేనట్టే.

ఇక్కడే మావాళ్లు చేసే పని మావాళ్లు చేశారు.

పిల్ల పెళ్లయి ఐదో ఏడు నడుస్తోంది. ఐదో ఏట ఒడిబియ్యం పోయకపోతే ఆడపిల్లకు మంచిది కాదని చెల్లెలికి బెంగ పట్టుకుంది. చట్టం చట్టమే, శాస్త్రం శాస్త్రమే అంది. కోర్టులో ఉన్నది గది, ఒడిబియ్యానికీ గదికీ ఏం సంబంధం అంది. నాకూ నిజమే అనిపించింది. పిల్ల మొదట వద్దంది. తల్లి అన్నం మానేసి కూర్చునేసరికి, "సరే, నీ కోసం కూసుంట" అంది. చెల్లెలు అల్లుడికి ఫోను చేసి పిలిచింది. అతను తల్లితో సహా వచ్చాడు, ఎంతో మర్యాదగా. కొత్త చొక్కా వేసుకుని పిల్ల పక్కన పీట మీద కూర్చున్నాడు. మొగుడు పోయినా కన్నతల్లి పోయొచ్చన్నారు, చెల్లెలే ముందు బియ్యం పోసింది, నేను పోశాను, ఇరుగుపొరుగు ముత్తైదువలు పోశారు. ఎవరి ఫోన్లు వాళ్లు తీశారు. అల్లుడు కూడా తన ఫోను ఎవరికో ఇచ్చి, అందరూ నవ్వండి అన్నాడు. నవ్వాం. పిల్ల కూడా పెదవులు కదిపింది. భోజనాలయ్యాక అతని తల్లి, మంచిరోజు చూసుకుని వచ్చి కోడలిని తీసుకుపోతామని చెప్పి లేచింది. ఆ మంచిరోజు రాలేదు. పసుపుబియ్యం మూట చెల్లెలి ఇంట్లో దేవుడి అలమారలో అలాగే ఉండిపోయింది.

తరువాతి వాయిదాకు కోర్టు వరండాలో కూర్చుని ఉంటే వకీలమ్మ గబగబా వచ్చింది. ఆమె చేతిలో ఒక ఫొటో ఉంది. పీట మీద ఇద్దరూ, పిల్ల ఒళ్లో బియ్యం, వెనక మేమంతా పళ్లు కనబడేలా.

"ఏంటమ్మా ఇది? కేసు నడుస్తుంటే ఇలాంటివి చేసేటప్పుడు నాకొక్క మాట చెప్పొద్దా?" అంది. కేకలేయలేదు. నీరసంగా అంది. అవతలివాళ్లు రాజీ కుదిరిపోయిందని, పెద్దలు కలిపేశారని, ఇక కేసు అవసరం లేదని దీన్ని జడ్జిగారి ముందు పెడుతున్నారట.

చెల్లెలు గోడవైపు తిరిగింది. అది తన మంచి చెవిని చేత్తో మూసుకోవడం చూశాను. మా అమ్మ దానికి పోసిన బియ్యం, ఇది దాని బిడ్డకు పోసిన బియ్యం, రెండూ నా కళ్ల ముందు ఒకే కుప్పగా పడ్డాయి. ఆనాడు మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు, ఉన్నదే అంత. ఈనాడు అంతకంటే మంచిది చేతికి అందుతుంటే పాత అలవాటే వచ్చి అడ్డం నిలబడింది. పిల్ల తల్లి పక్కకు జరిగింది. బాటిల్ మూత తీసి నీళ్లిచ్చింది.

లోపలికి పిలిచారు. మేము వెనక గోడకు నిలబడ్డాం. అవతలి వకీలు ఫొటో ఇచ్చి మా ఆచారాల గురించి చక్కగా మాట్లాడాడు. ఒడిబియ్యం అంటే కాపురం చల్లగా ఉండాలని పుట్టింటివాళ్లు దీవించి పంపడమేనని, గొడవలుంటే ఇలా నవ్వుతూ ఎవరు కూర్చుంటారని అన్నాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అదే నన్ను భయపెట్టింది. జడ్జమ్మ ఫొటో చూసింది. పిల్లను ముందుకు పిలిచి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగింది. లేదంది పిల్ల.

"మరి రాజీ అయినట్టేనా అమ్మా?"

నాకు స్టేషనులో చెల్లెలి మొహం గుర్తొచ్చింది, జవాబు వెతుక్కుంటున్న మొహం. పిల్ల అలా వెతుక్కోలేదు. మాట ఎలా చెప్పాలా అని మాత్రం చూసుకుంది.

"ఒడిబియ్యం పోసేది అత్తగారింటికి పంపనీకి మేడం. మా అమ్మ పోసింది. ఆయన పక్కన కూసున్నడు, వాళ్లమ్మ సుత ఉన్నది. గా బియ్యం నేను ఆ ఇంట్లనే వండాలె. ఇంక మూటలనే ఉన్నయి. తాళం తియ్యలే."

వకీలమ్మ అప్పుడు లేచింది. ఈ అమ్మాయి ఆ ఇంటి మనిషి కాదని జవాబులో వాళ్లే రాశారు, ఆ ఇంటి కోడలని ఒడిబియ్యం పోసుకున్న ఫొటో ఈరోజు వాళ్లే తెచ్చారు, ఈ రెండిట్లో ఏది నిజమో వాళ్లనే అడగమంది. అవతలి వకీలు అల్లుడి వైపు చూశాడు. అల్లుడు ఫొటో వైపు చూశాడు. జడ్జమ్మ నవ్వలేదు, ఎవరినీ కోప్పడలేదు, తల వంచి రాసుకుంది. ఆర్డరు మరో వాయిదాకు వేసింది.

ఆ వాయిదా వచ్చేదాకా చెల్లెలికి కంటి మీద కునుకు లేదు. దేవుడి అలమారలోని మూట వైపు చూడడం మానేసింది, దీపం కూడా పక్కకు తిరిగి పెట్టేది. నా చేతులతోనే నా బిడ్డ గది పోగొట్టానేమో అక్కా అని రోజూ అడిగేది. నేను కాదనేదాన్ని. నాకూ తెలియదు.

ఆర్డరు పిల్లకే వచ్చింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, కోడలిగా ఉన్న ఇంట్లోంచి దాన్ని గెంటకూడదని, ముందు గది దానిదేనని, అతను ఆ గదిలోకి రాకూడదని, తాళం తీయించడానికి పోలీసులు తోడు పోవాలని. వకీలమ్మ మెట్ల మీదే చదివి వినిపించింది. అవతలివాళ్లు పై కోర్టుకు పోవచ్చని, పోతే మళ్లీ తిరగాలని కూడా చెప్పింది. చెల్లెలు ఆ చివరి మాట వినలేదు. వకీలమ్మ దాని ఎడమవైపు నిలబడి చెప్పింది మరి.

తాళం తీసిన రోజు మేమూ పోయాం. కుర్చీ జరిపిన ఆ కానిస్టేబులమ్మే వచ్చింది. అత్త తాళంచెవి పిల్ల చేతికి ఇవ్వలేదు, గడప మీద పడేసింది.

"కోర్టుకు పోయి కోడలివైనవా?" అంది.

"కోడలినై కోర్టుకు పోయిన అత్తమ్మా," అంది పిల్ల, వంగి తాళంచెవి తీసుకుంటూ.

లోపల మిషను మీద దుమ్ము. కస్టమర్ల జాకెట్లు కొన్ని ఎలుకలు కొరికాయి. పిల్ల ఆ గదికి లోపలివైపు గట్టి గొళ్లెం పెట్టించుకుంది. చిన్న గ్యాస్ పొయ్యి తెచ్చుకుంది. బయట బోర్డు మళ్లీ తగిలించింది.

కొట్టడం ఆగింది. అది నిజం, అది చిన్న సంగతి కాదు. కానీ నీళ్ల మోటారు స్విచ్చి లోపలి గదిలో ఉంది. ఒకరోజు నీళ్లు వస్తాయి, ఒకరోజు రావు. అత్త మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి. అతను గది గడప తొక్కడు గానీ బండి మాత్రం సరిగ్గా కిటికీ కింద ఆపి చాలాసేపు ఇంజను ఆపకుండా కూర్చుంటాడు. చేతితో తాకకుండా మనిషిని ఎలా కొట్టాలో నేర్చుకున్నాడు. నీళ్ల సంగతి పిల్ల వకీలమ్మకు చెప్పింది, కోర్టుకు మళ్లీ రాయించింది. వాయిదా ఉంది. ఆ గది వద్దనుకుని వచ్చేయమని నేను ఒకసారి అన్నాను. దానికి కోపం వచ్చింది. నేను మళ్లీ అనలేదు. కోర్టు అతణ్ణి ఆపిందే కానీ మార్చలేదు. అలా మారని మనిషికి ఒక్క గోడ అవతల పిల్ల ఎన్నాళ్లు బతకగలదో నాకు అంతుబట్టదు. విడాకుల మాట దాని నోట రాలేదు, రావద్దనీ లేదు. అది దాని ఇష్టం. ఇప్పటికి గది ఉంది, మిషను ఉంది. నర్సులు ఒకరిద్దరు మళ్లీ వస్తున్నారు.

గదిలో అన్నీ సర్దుకున్నాక ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్ల మమ్మల్ని భోజనానికి పిలిచింది. మూట తెమ్మంది. చెల్లెలు దేవుడి అలమారలోంచి తీసి ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చింది. పసుపు ఉండడం వల్లనేమో, పురుగు పట్టలేదు. పిల్ల ఆ బియ్యం కడిగి చిన్న పొయ్యి మీద వండింది. అన్నం పసుపు రంగులో ఉడికింది, గదంతా కుడుకల వాసన. ఒక ప్లేటులో పెట్టి, ఇంకో ప్లేటు బోర్లించి, లోపలి తలుపు దగ్గర పెట్టి తట్టి వచ్చింది. వాళ్లు తీసుకున్నారో లేదో మేము చూడలేదు.

కట్టింగ్ బల్ల పక్కన చాప పరుచుకుని కూర్చున్నాం. చెల్లెలు గోడ తన ఎడమవైపు ఉండేలా కూర్చుంది. పిల్ల వడ్డిస్తూ ఎవరో కస్టమరు కొలతల గురించి జోకు చెబుతోంది. నేను నవ్వుతున్నాను. ఇంతలో చెల్లెలి చెయ్యి అన్నంలో ఆగిపోయింది. నాకేమీ వినబడలేదు. కాసేపటికి సందు మొదట్లో బండి చప్పుడు విన్నాను. ఉన్న ఒక్క చెవితో అందరికంటే ముందు దానికే వినబడింది.

బండి కిటికీ కిందకు వచ్చింది. ఇంజను ఆగలేదు. నా ముద్ద చేతిలోనే ఉంది. పిల్ల గొళ్లెం వైపు ఒకసారి చూసింది. వేసే ఉంది. గరిటె నిండా అన్నం తీసి తల్లి ప్లేటులో వేసి, ఆమె కుడివైపుకు వచ్చి కూర్చుంది.

"తిను అమ్మా, సల్లారిపోతది. ఆయన ఎనుక దిక్కు నుంచి పోతడు. ఈ తలుపు మనది."

చెల్లెలు బండి చప్పుడు వింటూనే తినడం మొదలుపెట్టింది.